అడిగి దాటాలా, అడక్కుండానా?

2021 ఏప్రిల్ 7న అమెరికా యుద్ధనౌక జాన్ పాల్ జోన్స్ లక్షద్వీప్‌కు పడమరగా 130 నాటికల్ మైళ్ల దూరంలో, మన ప్రత్యేక ఆర్థిక జలాల మీదుగా వెళ్లింది. యుద్ధనౌకలు అలా వెళ్లడం వింతేమీ కాదు. ఈసారి మాత్రం అమెరికా ఏడో నౌకాదళం ఆ సంగతిని తనే చాటింది. భారత్‌ను ముందుగా అడగలేదని, సముద్రం మీద భారత్ మితిమీరి చెప్పుకుంటున్న హక్కులను సవాలు చేయడానికే వెళ్లామని ప్రకటన ఇచ్చింది. భారత్, అమెరికా రెండూ ఉన్న క్వాడ్ కూటమి నాయకుల తొలి శిఖరాగ్ర సమావేశం జరిగి అప్పటికి నెల కూడా కాలేదు. రెండు రోజులకు మన విదేశాంగ శాఖ అభ్యంతరం తెలిపింది. కొన్నాళ్లకు గొడవ సద్దుమణిగింది.

ఆ గొడవను ఇంకా వదలనివాళ్లు ఇద్దరున్నారు. ఒకరు విశాఖలో స్థిరపడిన రిటైర్డ్ మర్చంట్ నేవీ కెప్టెన్. రెండోవారు ఆయన మేనకోడలు, అంతర్జాతీయ న్యాయశాస్త్రం బోధించే లాయరు. వాళ్ల వాదన ఇక్కడ రాస్తున్నాను. మధ్యలో నాకు తోచింది కూడా చెబుతాను, తీర్పరిలా దూరంగా కూర్చోవడం నా వల్ల కాదు.

కెప్టెన్: ఆ నౌక చేసిన తప్పేమిటో చెప్పమ్మాయ్. మన ప్రాదేశిక జలాలు తీరం నుంచి 12 నాటికల్ మైళ్లు. అది పోయింది 130 మైళ్ల అవతల. అక్కడ మన హక్కు చేపల మీద, అడుగునున్న చమురు మీద, గ్యాస్ మీద. ఊళ్లో చేపల చెరువు వేలం పాడుకున్నవాడికి చేపలు దక్కుతాయి గానీ, గట్టు మీద నడిచేవాణ్ణి ఆపే హక్కు దక్కదు కదా.

లాయరు: నడిచేవాణ్ణి ఎవరాపారు మావయ్యా? గట్టు మీద నిలబడి తుపాకి పేల్చడం నేర్చుకుంటానంటేనే అడ్డుపడతాం. 1995 జూన్‌లో సముద్ర చట్టాల ఒడంబడికను ధ్రువీకరించిన రోజే మన ప్రభుత్వం రాసిచ్చింది. మా ఆర్థిక జలాల్లో మా సమ్మతి లేకుండా సైనిక విన్యాసాలు, ముఖ్యంగా ఆయుధాలూ పేలుడు పదార్థాలూ వాడే విన్యాసాలు జరపడానికి ఈ ఒడంబడిక ఎవరికీ అధికారం ఇవ్వదని. మనమొక్కళ్లమే కాదు, బ్రెజిల్, మలేషియా, బంగ్లాదేశ్, పాకిస్థాన్ కూడా అదే మాట రాసిచ్చాయి.

కెప్టెన్: రాసివ్వడానికేం! 309వ అధికరణం ప్రకారం ఈ ఒడంబడికలో మినహాయింపులు కుదరవు. 310 ప్రకారం ప్రకటన చేసుకోవచ్చు, కానీ దాంతో ఒడంబడిక అర్థం మారదు. సరే, నీ మాటే ఒప్పుకుందాం. ఆ నౌక విన్యాసం చేసిందా? పర్షియన్ గల్ఫ్ నుంచి మలక్కా వైపు పోతుంటే దారి పొడవునా గమనిస్తూనే ఉన్నామని మన విదేశాంగ శాఖే చెప్పింది. దాటిపోయే నౌకకు విన్యాసాల రూలు ఎందుకు చూపించాం?

దీనికి ఆమె దగ్గర సూటి జవాబు లేదు. ఎవరి దగ్గరా ఉండదనే నా ఉద్దేశం. వెళ్లడం, విన్యాసం చేయడం ఒకటి కాదు. మన జవాబు ఆ రెంటినీ కలిపేసింది. ఆమె వాదనను చరిత్ర వైపు మళ్లించింది, అక్కడ ఆమెకు బలం ఉంది.

లాయరు: మావయ్యా, ఈ స్వేచ్ఛ ఎవరి ఇంట పుట్టిందో కూడా చూడాలి. 1603లో సింగపూర్ జలసంధి దగ్గర డచ్చివాళ్లు శాంటా కతరీనా అనే పోర్చుగీసు ఓడను పట్టుకుని సరుకంతా అమ్ముకున్నారు. ఆ పట్టివేత న్యాయమేనని డచ్ ఈస్టిండియా కంపెనీ తరఫున గ్రోషియస్ అనే న్యాయవేత్త ఒక పెద్ద వాదన రాశాడు. అందులో ఒక అధ్యాయమే 1609లో ‘స్వేచ్ఛా సముద్రం’ అన్న పుస్తకమైంది. సముద్రం అందరిదీ అని రాయించుకున్న ఆ కంపెనీయే తర్వాత జాజికాయ పండే బాందా దీవులను ఆక్రమించింది, అక్కడ ఇంకెవరినీ కొననివ్వలేదు. 1605లో మన మచిలీపట్నంలో కొట్టు తెరిచింది కూడా వాళ్లే. ఓడలున్నవాడికి స్వేచ్ఛ కావాలి, తీరం మాత్రమే ఉన్నవాడికి రక్షణ కావాలి. నాలుగొందల ఏళ్లుగా నడుస్తున్న పోరు ఇదే.

కెప్టెన్: ఆ కథలో సగం వదిలేశావు తల్లీ. గ్రోషియస్ ఎవరి మీద రాశాడు? పోర్చుగీసు మీద. మరి పోర్చుగీసువాళ్లు హిందూ మహాసముద్రంలో చేసిందేమిటి? మా కర్తాజు లేకుండా ఎవరూ ఓడ నడపకూడదన్నారు. కాగితం లేని ఓడను పట్టుకున్నారు, తగలబెట్టారు. మనవాళ్లు తాతల నాటి నుంచి తిరిగిన నీళ్లలో తిరగడానికి పరాయివాడి దగ్గర పాసు కొనుక్కోవలసి వచ్చింది. ముందస్తు అనుమతి అంటే ఎలా ఉంటుందో ఈ సముద్రం అప్పుడే చూసింది. ఇప్పుడు నువ్వు ఆ పక్కన నిలబడి మాట్లాడుతున్నావు.

లాయరు: పరాయివాడు మన సముద్రంలో పాసు అడగడం, తీరదేశం తన సముద్రంలో అడగడం ఒకటేనా?

కెప్టెన్: నడిపేవాడికి రెండూ ఒకటే. ఎక్కడిదో ఎందుకు, మన బాపట్ల జిల్లా మోటుపల్లికి వెళ్లి చూడు. 1244లో కాకతీయ గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం అక్కడే ఉంది. అంతకుముందు రాజులు తుఫానుకు ఒడ్డున పడిన ఓడ కనిపిస్తే చాలు, బంగారం, గుర్రాలు, ఏనుగులు, రత్నాలు అన్నీ లాగేసుకునేవాళ్లు. మేమలా చేయం, న్యాయంగా రావలసిన సుంకమే తీసుకుంటాం అని రాతి మీద చెక్కించాడాయన. ఆ సుంకం ముప్పై వంతుల్లో ఒక వంతు. ప్రాణాలకు తెగించి సముద్రం మీద తిరిగేవాళ్ల సొమ్ము మీద దయ చూపాలని అందులోనే రాయించాడు. తీరం ఏలే రాజుకు నావికుడి పట్ల బాధ్యత ఉందని యూరప్ మనకు నేర్పలేదమ్మా.

లాయరు: నా వాదనకు దాన్ని మించిన సాక్ష్యం లేదు మావయ్యా! అభయం ఇచ్చింది ఎవరు? రాజు. తీరం ఆయనది కాబట్టే ఇవ్వగలిగాడు. సుంకం కూడా వదులుకోలేదు. నావికుడు హక్కుగా తీసుకున్నది కాదది, ఆతిథ్యంగా పొందినది.

ఈ శాసనం గురించి ఇద్దరూ చాలాసేపు మాట్లాడుకున్నారు. ఇద్దరి మాటలోనూ నిజముంది. అయితే ఒకటి గుర్తుంచుకోవాలి. ఆ అభయం మాటల్లో పోలేదు, రేవులో అందరికీ కనబడే రాతి మీదకు ఎక్కింది. రాజు మనసు మారితే మారిపోయే దయను నిలకడైన రూలుగా మార్చడమే ఆ రాయి చేసిన పని. 1982 డిసెంబరు 10న జమైకాలోని మాంటెగో బేలో సంతకాలైన సముద్ర చట్టాల ఒడంబడిక చేసిందీ ఆ పనే. దాని వెనక తొమ్మిదేళ్ల బేరసారాలున్నాయి. తీరదేశాలకు 200 నాటికల్ మైళ్ల సంపద మీద హక్కు దక్కింది. నౌకాదళాలున్న దేశాలకు ఆ సంపద మీదుగా దారి దక్కింది. 12 మైళ్ల లోపల కూడా ఏ నౌకైనా తీరానికి కీడు చేయకుండా ఆగకుండా దాటిపోవచ్చు. దాన్నే ఇన్నోసెంట్ పాసేజ్ అంటారు. జలాంతర్గామి అయితే నీటిపైకి తేలి, జెండా చూపించి వెళ్లాలి.

కెప్టెన్: ఈ హక్కు ఒడంబడిక కంటే ముందుది. 1946 అక్టోబరు 22న అల్బేనియా తీరంలో కోర్ఫూ జలసంధి గుండా రెండు బ్రిటిష్ డిస్ట్రాయర్లు పోతూ మైన్లకు తగిలాయి. 44 మంది నావికులు చచ్చిపోయారు. అంతర్జాతీయ న్యాయస్థానం ముందుకు వచ్చిన మొట్టమొదటి వివాదం అదే. రెండు సముద్రాలను కలిపే జలసంధిలో యుద్ధనౌకలు సైతం ముందుగా అనుమతి అడగకుండా వెళ్లవచ్చని 1949లో తీర్పు చెప్పింది. మైన్లున్నాయని హెచ్చరించనందుకు అల్బేనియాను పరిహారం కట్టమంది.

లాయరు: తీర్పులో రెండో సగం మీరు చెప్పరు కదా! ప్రమాదం జరిగిన మూడు వారాలకు బ్రిటన్ అల్బేనియా మాట లెక్కచేయకుండా వచ్చి ఆ జలాల్లో మైన్లు ఏరింది. సాక్ష్యం సేకరించుకున్నామంది. అది అల్బేనియా సార్వభౌమత్వాన్ని ఉల్లంఘించడమేనని అదే కోర్టు తేల్చింది. దాటడం హక్కు, దిగి సోదా చేయడం హక్కు కాదు. నేను మొదటి నుంచీ చెబుతున్నది అదే.

కెప్టెన్: అది ఒప్పుకుంటాను. ఇంకో సంగతి విను. 1988లో నల్లసముద్రంలో సోవియట్ నౌకలు రెండు అమెరికా యుద్ధనౌకలను కావాలని వచ్చి ఢీకొట్టాయి. మా ప్రాదేశిక జలాల్లోకి ఎలా వచ్చారని. మరుసటి ఏడు సెప్టెంబరుకల్లా ఆ రెండు దేశాలూ కూర్చుని, యుద్ధనౌకలకు కూడా ముందస్తు కబురు అక్కర్లేదని ఒప్పందం రాసుకున్నాయి. సోవియట్ యూనియనే ఆ పట్టు వదిలింది.

లాయరు: రెండు పెద్ద నౌకాదళాలు కూర్చుని ఒకరి ఇంటి ముందు ఒకరు తిరగడానికి ఒప్పుకున్నాయి. మన తీరం ముందు తిరగడం గురించి మనల్ని అడిగిందెవరు? పైగా అమెరికా ఈ ఒడంబడికను ఇప్పటికీ ధ్రువీకరించలేదు. 1979 నుంచి నౌకాయాన స్వేచ్ఛ పేరుతో ఒక కార్యక్రమం నడుపుతూ ఏటా నివేదికలు వేస్తోంది. వాటిలో మన పేరు పదే పదే వస్తుంది. సంతకం పెట్టినవాణ్ణి, సంతకం పెట్టనివాడు తనిఖీ చేయడం ఏ న్యాయం?

ఇక్కడ నేను పూర్తిగా ఆమె పక్షం. ఒడంబడికలోని బాధ్యతలు నెత్తిన వేసుకోకుండా, అందులోని హక్కులు ఆచారం వల్ల మాకూ వస్తాయనడం చట్టరీత్యా చెల్లుతుందేమో గానీ నైతికంగా చెల్లదు. అమెరికా సెనేట్ దీన్ని ధ్రువీకరించాలి. అప్పటిదాకా ఏటేటా వచ్చే ఆ నివేదికకు విలువ సగమే.

లాయరు: ఇంకొకటి మావయ్యా. నౌకాయాన స్వేచ్ఛ అనగానే సరుకు ఓడలను ముందు పెడతారు. మీ ఓడను ఎవరైనా ఆపారా? దక్షిణ చైనా సముద్రంలో కంటైనర్ ఓడలు ఏనాడూ ఆగలేదు. తగువంతా యుద్ధనౌకలది, గూఢచారి నౌకలది. మలక్కాలో మీరు మాత్రం పేరు చెప్పకుండా దాటేవారా?

కెప్టెన్: చెప్పేవాణ్ణి. నిండు ట్యాంకరుతో మలక్కాలోకి దిగితే వీహెచ్‌ఎఫ్‌లో రిపోర్టు చేయాలి. ఓడ పేరు, కాల్ సైన్, డ్రాఫ్టు, ప్రమాదకరమైన సరుకుంటే ఆ సంగతి. లోతు తక్కువైన చోట ఓడ అడుగు కింద నీరు మూడున్నర మీటర్లకు తగ్గకూడదు. ఆ లెక్కతో ఆటుపోటు చూసుకుని వేగం తగ్గిస్తాం, ఎందుకంటే పెద్ద ఓడ వేగం పెంచితే ఇంకా కిందికి దిగుతుంది. బ్రిడ్జి మీద ఆ గంటల్లో ఎవరూ అనవసరంగా నోరెత్తరు. కానీ ఆ రిపోర్టు భద్రత కోసం. మలేషియా, ఇండోనేషియా, సింగపూర్ కలిసి అంతర్జాతీయ మారిటైమ్ సంస్థ ద్వారా తెచ్చిన పద్ధతది. నేను చెబుతాను, వాళ్లు రాసుకుంటారు. ‘రావద్దు’ అనే అధికారం అవతలివాడికి లేదు. అనుమతికీ, కబురుకీ తేడా అదే. ఇక సరుకు ఓడకు ప్రమాదం లేదన్నావు. 2023 డిసెంబరు 23న కెమ్ ప్లూటో అనే ట్యాంకరు మీద డ్రోన్ పడింది. గుజరాత్ తీరానికి రెండొందల నాటికల్ మైళ్ల ప్రాంతంలో. సౌదీ నుంచి మంగళూరుకు వస్తోంది, లోపలున్నవాళ్లలో 20 మంది మనవాళ్లు. అదే సమయంలో ఎర్రసముద్రంలో యెమెన్ హూతీల దాడులకు జడిసి ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. స్వేచ్ఛ కాగితం మీద ఉంటే చాలదు, దాన్ని కాపాడే యుద్ధనౌకకు దారి ఉండాలి. మన నౌకాదళం ఏడెన్ గల్ఫ్ దాకా పోయి ఓడలను కాపాడింది, ఎవరి అనుమతి అడిగి పోయింది?

లాయరు: సముద్రపు దొంగలను పట్టడానికి పోయిందీ, బలం చూపడానికి పోయిందీ ఒకటి కాదు. మీరు ట్యాంకరు సంగతి చెప్పారు, నేను పడవ సంగతి చెబుతాను. 2012 ఫిబ్రవరి 15న కేరళ తీరానికి సుమారు 20 మైళ్ల దూరంలో ఇటలీ ట్యాంకరు ఎన్రికా లెక్సీ మీదున్న మెరైన్లు సెయింట్ ఆంటనీ అనే చేపల పడవ మీద కాల్చారు. ఇద్దరు మత్స్యకారులు చనిపోయారు. మీరు కోరే స్వేచ్ఛ ఆయుధంతో వచ్చింది. చివరికి 2020లో అంతర్జాతీయ ట్రిబ్యునల్, ఆ మెరైన్లకు ప్రభుత్వోద్యోగులుగా రక్షణ ఉంది, మనం విచారించడానికి వీల్లేదని చెప్పింది.

కెప్టెన్: అదే తీర్పులో మనకు పరిహారం ఏ కారణంతో ఇచ్చారమ్మా? సెయింట్ ఆంటనీకి ఉన్న నౌకాయాన స్వేచ్ఛను ఇటలీ భంగపరిచిందని. చేపల పడవకు! ఆ స్వేచ్ఛ డిస్ట్రాయర్ సొత్తు కాదు, ముప్పై నలభై అడుగుల పడవకూ అదే హక్కు. మన తీరపు మనుషులకు పరిహారం తెచ్చిపెట్టింది నువ్వు అనుమానంగా చూస్తున్న ఆ సూత్రమే.

ఆమె ఒక క్షణం మౌనంగా ఉంది. 2021 జూన్‌లో సుప్రీంకోర్టు పది కోట్ల పరిహారాన్ని నమోదు చేసుకుని కేసు మూసింది. ఆ డబ్బు న్యాయమా కాదా అన్నది వేరే ప్రశ్న, బాధితుల ఇళ్లలో తేలవలసిన ప్రశ్న. చట్టం వరకు కెప్టెన్ చెప్పింది నిజం.

లాయరు: శ్రీకాకుళం వాళ్ల సంగతి చెప్పండి మరి. పని కోసం గుజరాత్‌లోని వేరావల్ వెళ్లి బోట్లెక్కినవాళ్లను 2018 చివర్లో పాకిస్థాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. ఏడాదికి పైగా జైల్లో ఉన్నారు. ఆర్థిక జలాల్లో చేపలు పట్టిన నేరానికి జైలు శిక్ష వేయకూడదని 73వ అధికరణం చెబుతోంది. రెండు దేశాలూ ఒడంబడికలో ఉన్నాయి. కానీ సర్ క్రీక్ దగ్గర సరిహద్దే తేలలేదు. మా ప్రాదేశిక జలాల్లోకి వచ్చారనేస్తే ఆ రక్షణ పనిచేయదు. నౌకాయాన స్వేచ్ఛ వాళ్లకేం చేసింది? వాళ్లకు కావలసింది గీత. బోటు నడిపే తండేలు చేతిలోని జీపీఎస్‌కు తెలిసే గీత.

కెప్టెన్: బంగాళాఖాతంలో ఆ గీత గీయించుకున్నాం కదా. బంగ్లాదేశ్ ట్రిబ్యునల్‌కు వెళ్లింది, మనం వాదించాం. 2014 జులై 7న తీర్పొచ్చింది. తగువులో ఉన్న 25,602 చదరపు కిలోమీటర్లలో 19,467 వాళ్లకు పోయాయి. పెద్ద దేశం మనం. అయినా తీర్పును గౌరవిస్తామన్నాం. రెండేళ్లకు, 2016 జులై 12న, ఫిలిప్పీన్స్ కేసులో దక్షిణ చైనా సముద్రం మీద చైనా గీసుకున్న తొమ్మిది గీతల పటానికి చట్టబద్ధత లేదని తీర్పొస్తే చైనా చెత్తబుట్టలో వేసింది. ఆ తేడాయే మన ఆస్తి. దాన్ని మనమే ఎందుకు చెడగొట్టుకోవాలి? మన 1976 చట్టం నాలుగో సెక్షన్ ఏమంటోంది? విదేశీ యుద్ధనౌక మన ప్రాదేశిక జలాల్లోకి ముందుగా కబురు చేసి రావాలట. చైనా 1992 చట్టం అనుమతి కావాలంటుంది. రేపు దక్షిణ చైనా సముద్రంలో మన నౌక అడక్కుండా పోతే, బీజింగ్ మన చట్టాన్నే తీసి మనకు చదివి వినిపిస్తుంది.

లాయరు: కబురు వేరు, అనుమతి వేరని ఇందాక మీరే అన్నారు! మనం అడిగేది కబురే. అది సరే, నా భయం చెబుతాను వినండి. 2019లో షి యాన్ 1 అనే చైనా పరిశోధన నౌక అండమాన్ దగ్గర మన జలాల్లో తిరుగుతుంటే మన నౌకాదళం వెళ్లగొట్టింది. పరిశోధనకు తీరదేశం సమ్మతి కావాలని 246వ అధికరణం ఉంది కాబట్టి కుదిరింది. కానీ అమెరికా ఏమంటుంది? సైన్యం కోసం చేసే సర్వే పరిశోధన కిందికి రాదు, దానికి సమ్మతి అక్కర్లేదు అంటుంది. 2009లో హైనాన్ దీవికి దక్షిణంగా ఇంపెకబుల్ అనే అమెరికా నౌకను చైనా పడవలు చుట్టుముట్టినప్పుడు అమెరికా వాదన అదే. ఆ వాదనకు మనం తలూపితే, రేపు చైనా నౌక వచ్చి మాదీ సైనిక సర్వేయే అంటుంది. సముద్రగర్భం కొలిచి, మన జలాంతర్గాములు తిరిగే దారులు పటం వేసుకుని పోతుంది. అప్పుడు ఏ అధికరణం పట్టుకుని ఆపుతారు?

కెప్టెన్ దీనికి వెంటనే మాట్లాడలేదు. తర్వాత చెప్పింది నావికుడి జవాబు. దాటిపోయే ఓడ, ఓడల కదలికలు చూపే ఏఐఎస్ తెర మీద ఒకే కోర్సులో, ఒకే వేగంతో కనిపిస్తుంది. కొలిచే ఓడ వెనకాల పరికరం ఈడ్చుకుంటూ నాలుగైదు నాట్ల వేగంతో అటు పోయి ఇటు తిరిగి, మళ్లీ పక్క వరసలో అటు పోతుంది. బ్రిడ్జి మీద కాపలా ఉన్న కుర్ర ఆఫీసరు కూడా పది నిమిషాల్లో గుర్తుపడతాడు. చూస్తే తెలిసే తేడాను చట్టంలో రాయడం అసాధ్యం కాదన్నాడాయన.

నా నిర్ణయం కూడా అక్కడే తేలింది. దాటిపోవడం వేరు, నిలిచి కొలవడం వేరు. రెండోదానికి సమ్మతి కావాలన్న పట్టు మనం ఒక్క అంగుళం కూడా వదలకూడదు, అడిగేది అమెరికా అయినా సరే, చైనా అయినా సరే. మొదటిదానికి ముందస్తు కబురు అడగడం మాత్రం మానేయాలి. మానితే భద్రత పోదు. రూలు పాటించని యుద్ధనౌకను తక్షణం వెళ్లిపొమ్మనే అధికారం 30వ అధికరణం ఇస్తోంది, అవసరమైతే కొంత ప్రాంతంలో రాకపోకలను తాత్కాలికంగా నిలిపే వీలు 25వ అధికరణం ఇస్తోంది. మేనకోడలు దీనికి ఒప్పుకోలేదు. అమెరికా ధ్రువీకరించేదాకా మనం ఏమీ వదులుకోకూడదన్నది ఆమె మాట. దాన్ని నేను గౌరవిస్తాను, కానీ మన చట్టం సరిగ్గా ఉండటానికి ఇంకొకరి సంతకం కోసం ఎదురుచూడటం నాకు నచ్చలేదు.

1976 చట్టం ఒడంబడిక కంటే ఆరేళ్లు ముందుది, మనం ధ్రువీకరించిన రోజుకు పందొమ్మిదేళ్లు పాతది. విశాఖ, కాకినాడ, బాపట్ల, నెల్లూరు నుంచి పార్లమెంటుకు వెళ్లే సభ్యులు నాలుగో సెక్షన్ సవరణను అడగాలి. సైనిక సర్వేలకు సమ్మతి తప్పనిసరి అన్న నిబంధనను ఆ సవరణలోనే రాయించాలి.